నా దగ్గర బాగానే తెరుచుకుంటోంది

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం తేలిక. రాయచూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఇరవై ఏళ్లకు పైగా ఎలక్ట్రానిక్స్ చెబుతున్నాను. సిగ్నల్ ప్రాసెసింగ్ ల్యాబు నాది అంటూ ఉంటాను గానీ అది కాలేజీది, తాళంచెవి మాత్రం నా హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది. పిల్లలు నాకు వెనకాల ఏదో పేరు పెట్టారని తెలుసు. ఏం పేరో కనుక్కోవాలని ఎప్పుడూ అనిపించలేదు.

మా జిల్లాలోనూ చుట్టుపక్కలా ఉన్న నాలుగైదు కాలేజీల టీచర్లం కలిసి ఒక లైబ్రరీ పెట్టుకున్నాం. పుస్తకాలది కాదు. ఎఫ్‌పీజీఏ బోర్డు అని అరచేతంత పలక ఒకటి ఉంటుంది. దాని మధ్యలో ఉన్న చిప్పును మనకు కావలసిన సర్క్యూటుగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఆ సర్క్యూటును ముందు కంప్యూటరు తెర మీద డబ్బాలు డబ్బాలుగా గీసి కలుపుకుంటాం. ఒక డబ్బా శబ్దంలోని రొదను వడగడుతుంది, ఇంకొకటి ఆ శబ్దంలో సన్న స్వరమెంత, బొంగురు స్వరమెంత అని విడదీసి చూపిస్తుంది. ప్రతి కాలేజీవాళ్లూ అవే డబ్బాలను మొదటి నుంచి గీసుకుంటూ కూర్చోవడం దేనికని, గీసినవన్నీ ఒకచోట పెట్టి అందరం వాడుకుంటున్నాం. అందులో ముప్పావు వంతు నేను గీసినవే. ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా మీటింగు జరిగినప్పుడల్లా గుర్తు చేసేదాన్ని.

డబ్బాలు గీసే ప్రోగ్రాము డబ్బు పెట్టి కొనుక్కోవలసిందే. అసలు ప్రోగ్రాము ఒక ధర అయితే, దానికి తగిలించుకునే టూల్‌బాక్సులు ఒక్కొక్కటి మరో ధర. మా కాలేజీ అన్నీ ఒకేసారి కొనేసింది. చిన్న కాలేజీలు అసలు ప్రోగ్రాము కొనడమే గగనం. ఈ తేడా నాకు తెలియదని కాదు. నేను ఏది నొక్కినా తెరుచుకునేది, అందుకని ఏ పని ఏ టూల్‌బాక్సు చేస్తోందో ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఒకసారి శివరాత్రి వెళ్లిన వారంలో నాకు ఫోన్ వచ్చింది. జిల్లాలో మరో మూలన ఉన్న ఒక పాలిటెక్నిక్‌లో పనిచేసే గెస్టు లెక్చరరు ఆయన. మట్మారి అనే ఊరి మనిషి. మా మీటింగులకు వచ్చి వెనక వరుసలో కూర్చుని అన్నీ రాసుకుని వెళ్లేవారు తప్ప నోరు విప్పేవారు కాదు. గెస్టు లెక్చరరు ఉద్యోగం ఏడాదికే. వేసవిలో జాబితా వెళుతుంది, పేరుంటే మళ్లీ ఏడాది, లేకపోతే లేదు. ఆయన అలా తొమ్మిదేళ్లుగా నెట్టుకొస్తున్నారు.

"నమస్తె మేడం, జర టైమ్ ఉందా? మీ లైబ్రరీల శబ్దం ఇడగొట్టే డబ్బ ఉంది గద, అది మా దగ్గర తెరుస్తలేదు. మొత్తం ఎర్రగైతుంది."

"నా దగ్గర బాగానే తెరుచుకుంటోందండీ. తెర మీద ఏమని వస్తోంది?"

"మీరిచ్చిన విలువలు తప్పు, సరిచూసుకోండి అని వస్తుంది మేడం."

"మరింకేం, సరిచూసుకోండి. అంత స్పష్టంగా చెబుతుంటే మళ్లీ నాకు ఫోన్ చేయడం ఎందుకండీ?"

ఆయన మెల్లగా అన్నారు. "మూడు సార్లు చూసిన మేడం. వచ్చే నెల తనిఖీకి కమిటీ వస్తుంది. ఈ ల్యాబు నడుస్తుందని చూపెట్టకుంటే వచ్చే ఏడు నన్ను పెట్టుకునేది కష్టమంటున్నరు. అందుకే మీకు తక్లీఫ్ ఇచ్చిన."

"అయితే నాలుగోసారి చూడండి," అని ఫోన్ పెట్టేశాను.

ఆ రోజు నాకు తీరిక లేకపోలేదు. అటెండెన్సు రిజిస్టరులో ఎర్ర సున్నాలు చుడుతూ కూర్చున్నాను. ఒక మనిషి తన ఉద్యోగం పోతుందని చెబితే, నేను ఆ మాట విని కూడా సున్నాలు చుట్టుకున్నాను. ఆయన మళ్లీ ఫోన్ చేయలేదు. సమస్య తీరిపోయి ఉంటుందనుకుని చేతులు దులుపుకున్నాను.

మే నెలలో డిప్లొమా ప్రాక్టికల్స్‌కు నన్ను ఎక్స్‌టర్నల్‌గా వేశారు. బయటి కాలేజీ నుంచి ఒకరు వచ్చి పరీక్ష చూడాలన్న పద్ధతి ఉంది కదా, ఆ లెక్కన నాకు ఆయన పాలిటెక్నిక్కే వచ్చింది. పొద్దున్నే బయలుదేరి రెండు బస్సులు మారి దిగేసరికి తొమ్మిదిన్నరకే ఎండ నెత్తిన కూర్చుంది. ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నారు. నా బ్యాగు అందుకోబోతే ఇవ్వలేదు. మండక్కి ఒగ్గరణె, అదే తాలింపు వేసిన మరమరాలు, మిరపకాయ బజ్జీ తెప్పించి, నేను తినేదాకా ఎదురుగా కూర్చోకుండా నిలబడే ఉన్నారు.

ల్యాబులో ఎనిమిది కంప్యూటర్లున్నాయి. ఒక మూల బల్ల మీద పాత మోటారు బిగించి ఉంది. సింధనూరు వైపు ఒక రైస్‌మిల్లువాళ్లు తీసి పడేస్తే, అడిగి ఆటోలో వేయించుకొచ్చారట. దాని బేరింగు అరిగిపోయింది. మోటారు మీద చిన్న మైకు అతికించి, దాని శబ్దాన్ని బోర్డులోకి పంపి, ఏ స్వరం ఎంత ఉందో తెర మీద గీతలుగా చూపించాలన్నది ప్రాజెక్టు. బేరింగు పూర్తిగా పోకముందే గీతల్లో తెలిసిపోతుంది. మిల్లులున్న ఈ ప్రాంతంలో ఎంత పనికొచ్చే ఆలోచన! నా ల్యాబులో ఇన్నేళ్లలో అలాంటి ప్రాజెక్టు ఒక్కటి రాలేదు. అది చూడగానే ఆయన మీద గౌరవమూ కలిగింది, కొంచెం అసూయ కూడా కలిగింది.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఆ ప్రాజెక్టు గురించి బోర్డు మీద సుద్దముక్కతో గీసి చెప్పారు. సూత్రాలు రాశారు, వంపులు గీశారు, నేను మెలిక పెట్టి అడిగిన ప్రశ్నలకు తడబడకుండా జవాబులిచ్చారు. నలుగురు అయ్యాక నాకు విసుగొచ్చింది.

"అన్నీ సుద్దముక్కతోనేనా? కంప్యూటరు మీద చూపించరేం?"

పిల్లలు ఆయన వైపు చూశారు. ఆయన నేల వైపు చూశారు. "నడుస్తలేదు మేడం," అన్నారు.

దగ్గరికి వెళ్లి చూస్తే తెర మీద నా డబ్బాలు రెండు ఎర్రగా ఉన్నాయి. కింద ఆ వాక్యమే. మీరిచ్చిన విలువలు తప్పు, సరిచూసుకోండి. పక్కన ఒక లాంగ్ నోటుబుక్కు ఉంది. మార్చి చూసిన ప్రతి విలువనూ, తేదీ వేసి, ఫలితం రాసి పెట్టుకున్నారు. పేజీల కొద్దీ ఉంది. ప్రతి వరుస చివరా ఒకటే మాట, ఎరుపు.

"కమిటీ వచ్చి వెళ్లిందా?" అని అడిగాను.

"పోయిన నెల్లనే వచ్చిపోయింది మేడం. నడవలే."

కుర్చీ లాక్కుని డబ్బా లోపలి కోడు తెరిచాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ హెచ్చరిక వాక్యం ప్రోగ్రామువాళ్లది కాదు, నాది. లోపల ఏం తప్పు జరిగినా సరే, అసలు కారణం దాచేసి ఆ ఒక్క వాక్యం చూపించమని నేనే రాశాను. వాడేవాళ్లు పొరపాటు చేస్తారు తప్ప నా డబ్బా చేయదని నా నమ్మకం. నా స్వభావం మొత్తం ఆ ఒక్క వాక్యంలో ఉంది. దాన్ని తీసేసి మళ్లీ తెరిస్తే అసలు కారణం బయటపడింది. ఫలానా ఫంక్షను ఈ కంప్యూటరులో లేదు, అది ఫలానా టూల్‌బాక్సులో ఉంటుంది.

ఆ ఫంక్షను చేసే పని ఏమిటో చెబితే నవ్వుతారు. శబ్దాన్ని ముక్కలుగా తీసుకునేటప్పుడు ముక్క రెండు చివరలనూ మెల్లగా తగ్గించే ఒక వంపు ఉంటుంది, దాన్ని విండో అంటాం. దాని సూత్రం ఒక్క వరుస. పాయింట్ ఐదు నాలుగులోంచి, కొసైనును పాయింట్ నాలుగు ఆరుతో గుణించి తీసేయడమే. ఇరవై ఏళ్లుగా ప్రతి ఏడాదీ థర్డ్ ఇయర్ పిల్లలకు బోర్డు మీద రాసి, బట్టీ పట్టకండి అర్థం చేసుకోండి అని అరిచి మరీ చెబుతున్నాను. అదే నా డబ్బాలో రాయడానికి బద్ధకించి, టూల్‌బాక్సులో ఎలాగూ ఉంది కదా అని దాని పేరు ఒక్క మాట రాసి ఊరుకున్నాను. ఇప్పుడే ఆ సూత్రాన్ని ఈ పిల్లలు నలుగురు నా ఎదుట సుద్దముక్కతో రాశారు. తల కొట్టేసినట్టయింది.

మాది తుంగభద్ర ఎడమ కాలువ కింద ఒక క్యాంపు, వలస వచ్చిన రైతుల ఊరు. మా తాతలు గోదావరి వైపు నుంచి వచ్చి వరి వేశారు. మా పొలాలు కాలువ పైభాగంలో ఉండేవి, నీళ్లకు ఏనాడూ ఇబ్బంది లేదు. కాలువ చివరి ఊళ్లవాళ్లు నీళ్లు రావడం లేదని చెప్పుకోవడానికి వస్తే, మాకు బాగానే వస్తున్నాయే, మీ తూము సరిగా ఉందో లేదో చూసుకోండి అని మా నాన్న అనేవారు. ఆయన చెడ్డవాడు కాదు. తన పొలం గట్టు మీద నిలబడి చూస్తే నిజంగానే కాలువ నిండుగా కనపడేది. చిన్నప్పుడు ఆ మాట విని నాన్నతో పోట్లాడిన నేను, పెద్దయ్యాక సరిగ్గా ఆ మాటే అన్నాను.

ఫంక్షను పేరు కొట్టేసి సూత్రం టైపు చేశాను. మొదటి డబ్బా ఎరుపు పోయింది. పిల్లలు చప్పట్లు కొట్టబోయి నా మొహం చూసి ఆగిపోయారు. రెండో డబ్బా రొదను వడగట్టేది. అందులో ఇంకో టూల్‌బాక్సు ఫంక్షను ఉంది, ఇది ఒక్క వరుస సూత్రం కాదు. మా కాలేజీకి ఫోన్ చేసి, అక్కడ లెక్క కట్టించి, వచ్చిన అంకెలను ఇక్కడ దింపుకుందామని ఫోన్ తీశాను.

"మేడం," అన్నారు ఆయన వెనక నుంచి. "గట్ల అంకెలు దింపుకుంటే ఈ పొద్దు నడుస్తది. రేపు ఇంకొకరికి వేరే సైజు కావాలంటే మళ్ల మీకే ఫోన్ చెయ్యాలె. సైన్‌ను ఎక్స్‌తోని భాగించి, ఇప్పుడు రాస్తిరి గద ఆ విండో, దాంతోని గుణిస్తే ఫిల్టర్ వచ్చేస్తది. దానికి ఏ టూల్‌బాక్సు అక్కరలే."

నేను ఫోన్ కింద పెట్టాను. కూర్చోండి, మీరే టైపు చేయండి అన్నాను. ఆయన ఆ రోజు మొదటిసారి నా ముందు కూర్చున్నారు. మధ్యలో సున్నాను సున్నాతో భాగించవలసి వస్తుంది, అక్కడ ఆగి, "ఈడ ఒకటి పెట్టాలె, లేకుంటే మళ్ల ఎర్రగైతది," అని తనలో తను అనుకుంటూ ఆ వరుస కూడా రాశారు. ఆ పని నాకు తట్టేదేమో, తట్టేది కాదేమో. ఎరుపు పోయింది.

"ఇంత తెలిసిన మనిషి మళ్లీ ఒక్క ఫోన్ చేసి ఉండకూడదా అండీ? నన్ను నాలుగు తిట్టి ఉండకూడదా?"

"మీ దగ్గర మంచిగ తెరుస్తుందంటిరి గద మేడం," అన్నారు, తెర మీద నుంచి చూపు తిప్పకుండా. "మీ దగ్గర తెరిచి మా దగ్గర తెరవలేదంటే, లోపం నాలనే ఉందనుకున్న."

నాకు ఏడుపొచ్చింది. పిల్లల ముందు ఏడవకూడదని నీళ్లు కావాలని అడిగాను.

గీసిన డబ్బాలు చిప్పులోకి ఎక్కే రూపానికి మారడానికి ఆ పాత కంప్యూటరు మీద గంటన్నర పడుతుంది. ఈలోగా మార్కుల షీటు నింపడానికి ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. కన్నడం మాట్లాడే పెద్దమనిషి, నెమ్మదస్తుడు. ల్యాబు సంగతి నేను ఎత్తకముందే ఆయనే నిట్టూర్చారు. గెస్టు లెక్చరర్ల జాబితా ఎల్లుండి పంపాలని, మట్మారి ఆయన మంచి మనిషే గానీ ల్యాబు నడపడం రాదని కమిటీ రాసిపోయిందని, తను మాత్రం ఏం చేయగలడని కన్నడంలో చెప్పుకొచ్చారు. అంటూనే ఫైలు తీసి ఒక కాగితం నా ముందు పెట్టారు. కమిటీ అడిగితే ఆ లెక్చరరు ఇచ్చిన సంజాయిషీ. లైబ్రరీ ఎంతో మంచిదని, పెద్ద కాలేజీల్లో చక్కగా పనిచేస్తోందని, తనకు అవగాహన చాలకపోవడం వల్లే ఇక్కడ నడవలేదని, తప్పు పూర్తిగా తనదేనని కన్నడంలో గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టారు. లైబ్రరీ ఎవరు చేశారన్నది ఎక్కడా లేదు. నన్ను బయటపెట్టకుండా తన ఉద్యోగాన్ని తన చేత్తోనే రాసిచ్చేశారు.

"సార్, ఒకసారి ల్యాబుకు రండి," అన్నాను. నా గొంతులో ఏముందో గానీ ప్రిన్సిపాల్ చెప్పులు వేసుకుని వెంటనే లేచారు.

మీకు ఆదుర్దా ఎందుకు, ఆ ఏడాది జాబితాలో మట్మారి ఆయన పేరు ఉంది. ఆ తర్వాత లైబ్రరీలో ఉన్న నా డబ్బాలన్నీ నేనూ ఆయనా కూర్చుని వెతికితే, టూల్‌బాక్సుల మీద ఆధారపడ్డవి పదకొండు తేలాయి. అన్నిటికీ సూత్రాలు రాసుకున్నాం. ఇప్పుడు ఎవరు కొత్త డబ్బా పెట్టినా ముందు ఆయన ల్యాబులో తెరిచి చూడందే లైబ్రరీలోకి రానివ్వం. ఆ నియమం పెట్టింది నేనే, దాని వల్ల ఎక్కువ చీవాట్లు తినేదీ నేనే. కానీ నాకు చెప్పాలని ఉన్నది ఆ మధ్యాహ్నం చివర జరిగింది.

మోటారు ఆన్ చేశారు. తెర మీద గీతలు లేచాయి. అన్నీ పొట్టిగా ఊగుతుంటే కుడివైపున ఒక్క గీత మాత్రం నిటారుగా నిలబడి కిందికి దిగడం లేదు. "అదీ సార్, అరిగిన బేరింగు," అని పిల్లల్లో ఒకరు కన్నడంలో చెప్పారు. ప్రిన్సిపాల్ దగ్గరికి వంగి, మోటారు మీద చెయ్యి పెట్టి, మళ్లీ తెర చూశారు. మరి కమిటీ వచ్చినప్పుడు ఎందుకు నడవలేదని అడిగారు.

"గలతీ నాదే సార్, నేను సరిగ..." అని ఆయన అలవాటు కొద్దీ మొదలుపెట్టారు.

"కాదు సార్," అన్నాను. గట్టిగానే అన్నాను. "తప్పు నాది. ఆ లైబ్రరీ చేసింది నేను. మీ దగ్గర లేని టూల్‌బాక్సు ఉంటే తప్ప నడవకుండా చేసింది నేను. అడిగితే కసురుకున్నదీ నేనే."

ప్రిన్సిపాల్ ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. పాత సంజాయిషీ ఫైలులో ఉండగా ఊరికే మాటలతో పని జరగదని, కొత్తది ఒకటి రాసిస్తే దాన్నీ దీన్నీ కలిపి జాబితాతో పంపుతానని అన్నారు. పిల్లల దగ్గర తెల్ల కాగితం తీసుకుని లెక్చరరు బల్ల దగ్గర కూర్చున్నారు. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. కన్నడంలో చక్కగా రాసుకుంటూ పోయారు. ఏ డబ్బా, ఏ ఫంక్షను, ఏ టూల్‌బాక్సు, ఎలా సరిచేశాం, అన్నీ వరుసగా వచ్చాయి. ఈ లోపానికి కారకులు అన్న మాట రాసి కలం ఆపేశారు.

"రాయండి," అన్నాను. "నా పేరు, నా హోదా, మా కాలేజీ పేరు."

ఆయన కలం ఎత్తలేదు, దించలేదు. "ఎట్ల రాస్త మేడం," అన్నారు. "మీరు మాకు ఉత్తగనే ఇస్తిరి. లైబ్రరీల లోపం అని రాస్త, సరిపోతది."

"లైబ్రరీ దానంతటది పుట్టలేదండీ."

ఆయన తల అడ్డంగా ఊపి, అక్కడ ఒక పేరు పట్టేంత చోటు వదిలేసి, తర్వాతి వాక్యం రాశారు. చివర సంతకం పెట్టారు. కాగితం మడిచి ప్రిన్సిపాల్ చేతికి ఇవ్వబోతుంటే నేను మధ్యలో తీసుకున్నాను. కలం అడిగాను. ఆయన ఇవ్వలేదు. నా బ్యాగులో పొద్దుటి నుంచి మార్కులు వేస్తున్న ఎర్ర కలం ఉంది. దాంతోనే ఆ ఖాళీలో నా పేరు కన్నడంలో రాసి ఇచ్చాను.